ఎలక్ట్రిక్ వ్యాన్‌లో టకటక శబ్దం, మధ్యాహ్నం చల్లబడని ఏసీ: గ్యాస్ కాదు, ముందు ఫ్లాప్ మోటార్ చూడండి

నమస్తే అండీ. మీరు రాసింది ఇదీ: ఏడు సీట్ల ఎలక్ట్రిక్ వ్యాన్, విజయవాడ నుంచి గన్నవరం ఎయిర్‌పోర్టుకు ట్రిప్పులు. బండి ఆన్ చేయగానే గ్లవ్ బాక్స్ వెనక పది పదిహేను సెకన్లు టకటకమని కొట్టుకుని ఆగిపోతుంది. పొద్దున ఏసీ బాగుంటుంది, మధ్యాహ్నం మాత్రం వెనక సీట్లవాళ్లు ఉక్కపోస్తోందంటున్నారు. ఒక్కో ఛార్జింగ్‌కు 20 కిలోమీటర్ల దాకా తక్కువ వస్తోంది. ఒక మెకానిక్ గ్యాస్ తగ్గిందన్నాడు, ఇంకొకాయన కంప్రెసర్ పోయింది, 60 వేలు అవుతుందన్నాడు. ఎవరి మాట నమ్మాలి అని అడిగారు.

గ్యాస్‌నీ, కంప్రెసర్‌నీ ఇప్పుడే ఎవరినీ ముట్టుకోనివ్వకండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే, బయటి గాలి, లోపలి గాలి మార్చే చిన్న తలుపు, అంటే ఫ్లాప్, ఉంటుంది కదా, దాన్ని తిప్పే చిన్న మోటార్ గేరు పళ్లు పోయాయని నా అనుమానం. దీన్నే యాక్చువేటర్ అంటారు, షాపుల్లో ఫ్లాప్ మోటార్ అనో సర్వో మోటార్ అనో అడుగుతారు. అరచేతిలో పట్టే వస్తువు. చాలా బండ్లలో గ్లవ్ బాక్స్ విప్పితే చేతికి అందుతుంది, తీసి వేయడం గంట పని. బండి ఇంకా వారంటీలో ఉంటే మాత్రం స్క్రూ కూడా విప్పకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

నేను ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా కార్ల ఏసీ పని చేస్తున్నాను. గత ఐదేళ్లుగా నా దగ్గరికి వచ్చేవాటిలో సగం ఎలక్ట్రిక్ బండ్లే. ఈ మోటార్ పోయిన బండికి అనవసరంగా గ్యాస్ ఎక్కించి, డబ్బు పోగొట్టుకుని వచ్చినవాళ్లను చూసి చూసి బాధ కలిగి ఇంత వివరంగా రాస్తున్నాను.

డాష్‌బోర్డు వెనక ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది. అందులోనే గాలి ఊదే బ్లోయర్, కూలింగ్ కాయిల్, హీటర్ ఉంటాయి. గాలి ఎటు పోవాలో చెప్పే తలుపులు మూడు రకాలు. మొదటిది గాలి బయటి నుంచి తీసుకోవాలా, క్యాబిన్‌లో ఉన్నదాన్నే తిప్పాలా అనేది. రెండోది ఎంత గాలి హీటర్ మీదుగా వెళ్లాలి అనేది. మూడోది ముఖానికా, కాళ్లకా, అద్దానికా అనేది. పాత బండ్లలో వీటిని కేబుల్ తిప్పేది, ఇప్పుడు మోటార్లు తిప్పుతాయి. రెండు వైపులా వేర్వేరు ఉష్ణోగ్రత పెట్టుకునే బండ్లలో ఇంకో మోటార్ ఎక్కువ ఉంటుంది.

చాలా బండ్లలో ఆన్ కాగానే కంట్రోలర్, అంటే ఏసీని నడిపే చిన్న కంప్యూటర్, ఒక్కో ఫ్లాప్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, అది ఎక్కడుందో సరిచూసుకుంటుంది. గేర్‌లో పళ్లు విరిగిన చోటు రాగానే జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ జారుతుంది. మీకు వినిపించే టకటక అదే. కాసేపు ప్రయత్నించి కంట్రోలర్ వదిలేస్తుంది, శబ్దం ఆగుతుంది. ఫ్లాప్ మాత్రం సగంలోనో, పూర్తిగా బయటి గాలి వైపో ఉండిపోతుంది.

ఇక మధ్యాహ్నం సంగతి. పొద్దున ఏడింటికి బయటి గాలి 28, 30 డిగ్రీలు. దాన్ని లోపలికి లాగినా ఏసీ తట్టుకుంటుంది. మధ్యాహ్నం 42 డిగ్రీల గాలిని, అదీ మన కృష్ణా తీరపు చెమ్మతో, ఆపకుండా లాగితే ఎంత మంచి ఏసీ అయినా వెనక సీటు దాకా చల్లబరచలేదు. గ్యాస్ బాగా తగ్గితే పొద్దున కూడా ఎంతోకొంత తేడా తెలిసేది. ఇంకో గుర్తు కూడా చూడండి. బండి కింద నీళ్లు మామూలుకంటే ఎక్కువ కారుతున్నాయా? బయటి తేమ గాలి కూలింగ్ కాయిల్‌కు తగిలితే ఆ నీరంతా కిందికి రావాల్సిందే.

రేంజ్ తగ్గడానికీ ఇదే కారణం కావచ్చు. ఆ వేడిగాలిని చల్లబరచడానికి కంప్రెసర్ ఒక కిలోవాట్ ఎక్కువ లాగుతోందనుకుందాం. ఛార్జింగ్ అయ్యేలోపు నాలుగు గంటలు ఏసీ వేస్తే నాలుగు యూనిట్లు అదనం. యూనిట్‌కు ఐదారు కిలోమీటర్లు వచ్చే వ్యాన్‌కు అది 20 నుంచి 24 కిలోమీటర్లు. మీరు చెప్పిన లెక్కకు సరిపోతోంది. డీజిల్ బండిలో ఈ నష్టం ట్యాంకులో కలిసిపోయి ఎవరికీ తెలియదు, ఎలక్ట్రిక్ బండిలో స్క్రీన్ మీద రోజూ కనబడుతుంది.

పెట్రోల్, డీజిల్ బండ్ల అనుభవంతో ఎలక్ట్రిక్ బండిని చూసేవాళ్లు పొరబడే చోటు ఒకటుంది. ఇంజిన్ ఉన్న చాలా బండ్లలో హీటర్ కాయిల్ ఎప్పుడూ వేడిగానే ఉంటుంది, ఎందుకంటే ఇంజిన్ వేడినీళ్లు అందులో తిరుగుతుంటాయి. అక్కడ హీటర్ వైపు ఫ్లాప్ ఇరుక్కుంటే మండు వేసవిలో ఏసీ నుంచి సెగ కొడుతుంది, తప్పు వెంటనే తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్ బండిలో మీరు వేడి అడిగితేనే హీటర్ పనిచేస్తుంది. అందుకే మన ఎండల్లో ఆ ఫ్లాప్ ఇరుక్కున్నా పెద్దగా తేడా తెలియకపోవచ్చు, టకటక మాత్రం వినిపిస్తుంది. అదే చలి ఉన్న ఊళ్లలో అయితే హీటర్ వేసినా గాలి దాని మీదుగా సరిగ్గా వెళ్లక చల్లగానే వస్తుంది. అక్కడ ఉండే మనవాళ్లు చలికాలంలో హీటర్ వేసినా వెచ్చగా లేదని రాస్తే నేను ముందు ఈ ఫ్లాప్ గురించే అడుగుతాను. మీకు మధ్యాహ్నమే ఇబ్బంది కాబట్టి, శబ్దం గ్లవ్ బాక్స్ వెనక నుంచే కాబట్టి, మీది లోపలి గాలి ఫ్లాప్ అని అంటున్నాను.

పైసా ఖర్చు లేకుండా తేల్చుకునే పరీక్ష ఒకటుంది. బ్లోయర్‌ను పూర్తిగా పెంచి, లోపలి గాలి బటన్ నొక్కండి. ఫ్లాప్ తిరిగితే బ్లోయర్ హోరు స్పష్టంగా పెరగాలి, ఎందుకంటే అది క్యాబిన్ గాలినే లాగడం మొదలుపెడుతుంది. మళ్లీ నొక్కితే తగ్గాలి. బటన్ లైటు మారుతూ, హోరు మాత్రం మారకపోతే ఫ్లాప్ కదలట్లేదు. కొన్ని బండ్లలో ఏసీ ఫిల్టర్ తీసి టార్చి వేస్తే ఫ్లాప్ కంటికే కనిపిస్తుంది. ఫిల్టర్ తీసినప్పుడే దాని పరిస్థితీ చూడండి, దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టర్ కూడా వెనక సీటుకు గాలి రానివ్వదు.

నేను అసలు నమ్మేది ఇంకో పరీక్షను. 300 రూపాయల డిజిటల్ థర్మామీటర్ ఒకటి మధ్య గాలి రంధ్రంలో పెట్టండి. మధ్యాహ్నం ఎండలో ఏసీ పది నిమిషాలు వేసి అంకె రాసుకోండి. తర్వాత బండి ఆఫ్ చేసి, కింద చెప్పే జాగ్రత్తలతో మోటార్ విప్పి, ఫ్లాప్ ఇరుసును చేత్తో లోపలి గాలి వైపు పూర్తిగా తిప్పి, కదలకుండా టేపు వేయండి. తీసిన ప్లగ్గులన్నీ పెట్టి, బ్యాటరీ తీగ కలిపి, మళ్లీ పది నిమిషాలు ఏసీ వేయండి. గత మే నెలలో ఏలూరు నుంచి ఒక క్యాటరింగ్ వ్యాన్ వచ్చింది. వాళ్లకు అప్పటికే మూడుసార్లు గ్యాస్ పట్టారు. ఇలా చేత్తో తిప్పి చూస్తే 19 డిగ్రీలు ఉన్న గాలి 11కి దిగింది. గ్యాస్, కంప్రెసర్ బాగున్నాయని అక్కడికక్కడే తేలిపోయింది. ఆ వ్యాన్ ఓనర్ థర్మామీటర్ వంక చూస్తూ, "మరి మూడుసార్లు పోసిందేంటండీ?" అని అడిగాడు. నేనేం చెప్పలేకపోయాను.

విప్పే ముందు. మోటార్ నడిచేది 12 వోల్టులతోనే, దాన్ని చూసి భయపడక్కర్లేదు. భయపడాల్సింది చుట్టూ ఉన్నవాటికి.

ఛార్జింగ్ గన్ తీసేయండి. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు బండి ఆఫ్‌లో ఉన్నట్టు కనిపించినా 12 వోల్టుల లైన్ నడుస్తూనే ఉంటుంది, బ్యాటరీని చల్లబరచడానికి ఏసీ తనంతట తానే మొదలుకావచ్చు. ఫోన్ యాప్‌లో ముందుగా ఏసీ వేసే టైమర్ పెట్టుకుని ఉంటే తీసేయండి. ఫ్లాప్ సందులో వేలు ఉన్నప్పుడు ఇంట్లో నుంచి ఎవరో యాప్ నొక్కితే మంచిది కాదు. తాళం బండికి దూరంగా పెట్టండి. తర్వాత 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి పది నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ కోసం ఇది తప్పనిసరి. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ సరిగ్గా మీరు పనిచేసే చోటుకు పైనే ఉంటుంది. పసుపు రంగు ప్లగ్గులు ఎయిర్‌బ్యాగ్‌వి, నారింజ రంగు తీగలు హై వోల్టేజీవి. కొన్ని బండ్లలో ఎలక్ట్రిక్ హీటర్ ఈ పెట్టెలోనే ఉంటుంది కాబట్టి ఆ నారింజ తీగ గ్లవ్ బాక్స్ వెనకే కనిపించవచ్చు. దాన్ని పక్కకు జరపడం, క్లిప్పు తీయడం ఏదీ చేయకండి. మోటార్ దాని వెనక ఉందని తేలితే పని ఆపేసి, ఎలక్ట్రిక్ బండ్ల శిక్షణ ఉన్నవాళ్లకు అప్పగించండి.

గ్లవ్ బాక్స్ రెండు పక్కలా నొక్కితే కిందికి వాలుతుంది, కొన్నింటికి స్క్రూలు ఉంటాయి. మోటార్ కనిపించగానే అది ఏ స్థితిలో ఉందో, లీవర్ ఎటు తిరిగి ఉందో ఫోన్‌లో రెండు ఫొటోలు తీసుకోండి. ప్లగ్గు గొళ్లెం నొక్కి లాగాలి, తీగలు పట్టుకుని లాగకూడదు. స్క్రూలు మామూలుగా రెండో మూడో ఉంటాయి. చివరిది దాదాపు ఎప్పుడూ కంటికి కనబడని వెనక వైపే ఉంటుంది, పొట్టి స్క్రూడ్రైవర్‌తో వేళ్ల స్పర్శ మీదే విప్పాలి. కొసన అయస్కాంతం ఉన్నది వాడండి, కింద ఒక పాత గుడ్డ పరవండి. స్క్రూ బ్లోయర్‌లో పడితే గంట పని పూట పని అవుతుంది.

మోటార్ తీయగానే కొత్తది పెట్టేయకండి. ఫ్లాప్ ఇరుసును రెండు వేళ్లతో తిప్పి చూడండి. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే బరువుతో, ఎక్కడా ఆగకుండా తిరగాలి. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేను ఇది చూడకుండా కొత్త మోటార్ పెట్టి పంపాను. మర్నాడే బండి అదే శబ్దంతో తిరిగొచ్చింది. విప్పి చూస్తే ఫ్లాప్ కీలు దగ్గర ఒక వేపగింజ ఇరుక్కుని ఉంది. రోజూ వేపచెట్టు కింద ఆపే బండి అది. ఆ గింజే పాత మోటార్ పళ్లు తిన్నది, కొత్తదాని పళ్లూ తిన్నది. కొత్త మోటార్ డబ్బు నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి చెట్టు కింద ఆగే బండి అని తెలిస్తే ముందు ఫిల్టర్ తీసి ఆకులు, గింజలు దులుపుతాను. ఎలుకలు పెట్టిన పీచు, వేరుశనగ తొక్కలు కూడా చాలాసార్లు దొరికాయి. ఎలుక ఆనవాలు కనబడితే తీగలు కొరికిందేమో కూడా వెతకండి.

పాత మోటార్‌ను పారేయకుండా మూత తెరిచి చూడండి, నాలుగు గొళ్లేలు పైకెత్తితే ఊడుతుంది. లోపల బొటనవేలంత మోటార్, దాని మీద స్క్రూలాంటి మరచుట్టు, ఆ తర్వాత ఒకదానికొకటి ఆనుకున్న మూడు నాలుగు తెల్లటి ప్లాస్టిక్ గేర్లు. పోయిన మోటార్‌లో గేరు ఒకచోట రెండు మూడు పళ్లు వేరుకు విరిగి, ఆ ముక్కలు మైనంలా గట్టిపడిన గ్రీజులో అంటుకుని ఉంటాయి. అవి కనబడ్డాయంటే మీ రోగం అదే. పళ్లన్నీ నిండుగా ఉంటే ఆగండి, తప్పు వేరేచోట ఉంది.

అప్పుడు తీగలు చూడాలి. ఐదు తీగల మోటార్‌లో మామూలుగా రెండు మోటార్‌కు, మూడు ఫ్లాప్ స్థానం చెప్పే సెన్సార్‌కు. ఆ సెన్సార్‌కు కంట్రోలర్ 5 వోల్టులు ఇస్తుంది, ఫ్లాప్ తిరిగేకొద్దీ మధ్య తీగలో వోల్టేజీ మెల్లగా మారాలి. ఎక్కడైనా ఒక్కసారిగా ఎగిరిపడితే సెన్సార్ పట్టీ అరిగింది. మోటార్ పిన్నులు రెండూ ఏవో బండి వైరింగ్ డయాగ్రమ్‌లో చూసి, మోటార్ విడిగా ఉన్నప్పుడు వాటికి మాత్రమే 9 వోల్టుల చిన్న బ్యాటరీ ముట్టిస్తే తిరగాలి, తిరగేసి ముట్టిస్తే వెనక్కి తిరగాలి. ఇరుసు కొసకు చేరగానే ఆపేయండి. మూడు తీగలే ఉన్న మోటార్‌కు మాత్రం బ్యాటరీ ముట్టించకండి. అందులో చిన్న సర్క్యూట్ ఉండి కంట్రోలర్‌తో ఒకే తీగ మీద మాట్లాడుతుంది, తప్పు పిన్నుకు కరెంటు తగిలితే మోటార్ కాలిపోతుంది. అలాంటివాటిని స్కానర్‌తోనే, అంటే బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివే పరికరంతోనే, చూడాలి. తక్కువ ధర స్కానర్లలో చాలావాటికి ఏసీ మాడ్యూల్ తెరుచుకోదు. తెరుచుకునేదానితో చూస్తే మోటార్ సర్క్యూట్ తెగిందనే కోడ్ వేరు, ఫ్లాప్ ఇరుక్కుందనే కోడ్ వేరు. మొదటిదైతే ముందు ప్లగ్గు, తీగ చూడండి.

కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది పార్టు నంబర్ అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఒకే పెట్టెకు బిగించే మూడు మోటార్లూ చాలాసార్లు చూడ్డానికి ఒకేలా ఉంటాయి, లోపల తిరిగే కోణం మాత్రం వేరు కావచ్చు. ఈ మధ్య నేను వేసినవాటికి 1,400 నుంచి 4,500 దాకా పడింది. బిగించేటప్పుడు ఇరుసు గాడిలో కూర్చోకపోతే కొత్త మోటార్ గేరును చేత్తో బలవంతంగా తిప్పకండి, ఫ్లాప్ ఇరుసునే కొంచెం తిప్పి కుదర్చండి. కొత్త మోటార్‌ను బిగించకుండా ప్లగ్గు పెట్టి బండి ఆన్ చేయడం కూడా తప్పే. అది గాల్లో ఎటో తిరిగిపోయి, తర్వాత ఫ్లాప్‌తో కలవదు.

అన్నీ బిగించాక 12 వోల్టుల తీగ కలిపి, బండి ఆన్ చేసి, రెండు నిమిషాలు ఏసీ బటన్ ఏదీ ముట్టుకోకుండా వదిలేయండి. చాలా బండ్లలో కంట్రోలర్ అప్పుడే కొత్త మోటార్ కొసలు నేర్చుకుంటుంది. కొన్నింటికి స్కానర్‌తో ఆజ్ఞ ఇవ్వాలి, కొన్నింటికి రెండు బటన్లు కలిపి నొక్కాలి, అది మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఈ మెట్టు దాటేస్తే కొత్త మోటార్ పాత లెక్కతో కొసకు గుద్దుకుని కొన్నాళ్లకే మళ్లీ పళ్లు పోగొట్టుకోవచ్చు.

గ్యాస్ ముట్టుకోవద్దని మొదట్లోనే ఎందుకు అన్నానో చెప్పాలి. ఎలక్ట్రిక్ కంప్రెసర్ లోపల హై వోల్టేజీ మోటార్ ఉంటుంది, గ్యాస్‌తో కలిసి తిరిగే నూనె ఆ మోటార్ చుట్ట మీదుగానే పోతుంది. అందుకే కరెంటును పారనివ్వని పీఓఈ నూనె వాడతారు. మామూలు కార్లలో వాడే పీఏజీ నూనె కొంచెం కలిసినా ఇన్సులేషన్ తగ్గి, బండి కరెంటు లీకవుతోందని ఫాల్ట్ చూపించి ఆగిపోవచ్చు. ఆ నూనె వాడిన మెషీన్ గొట్టాల్లో మిగిలింది వెళ్లినా ప్రమాదమే. లీకు ఆపే మందులు, నూనె కలిపి అమ్మే డబ్బాలు అసలు వద్దు. నిజంగా గ్యాస్ పట్టాల్సి వస్తే బానెట్ కింది స్టిక్కర్ మీద ఉన్న గ్రాముల లెక్క ప్రకారం, ఎలక్ట్రిక్ బండ్లకు వేరుగా మెషీన్ ఉన్న చోటే పట్టించండి. మీకు 60 వేల కంప్రెసర్ చెప్పారు, మంచి కంప్రెసర్‌ను ఈ నూనెతో చేతులారా పాడుచేసుకుంటే ఆ ఖర్చు నిజమవుతుంది.

నా అంచనా తప్పయ్యే సందర్భాలూ ఉన్నాయి. మీరు మధ్యాహ్నం ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టి వెంటనే బయల్దేరుతున్నారా? చాలా బండ్లలో క్యాబిన్‌నూ బ్యాటరీనీ చల్లబరిచేది ఒకే కంప్రెసర్. ఛార్జింగ్ తర్వాత వేడెక్కిన బ్యాటరీ వైపు చల్లదనం ముందు వెళ్తుంది, కాసేపు క్యాబిన్‌కు తగ్గుతుంది. అది జబ్బు కాదు. ముందు రేడియేటర్ దగ్గరి ఫ్యాన్ తిరగకపోయినా ట్రాఫిక్‌లో ఆగినప్పుడే ఏసీ పడిపోతుంది, వేగంగా వెళ్తే బాగవుతుంది. మీ డ్రైవర్‌ను బెంజి సర్కిల్ దగ్గర ఆగినప్పుడు ఒక రకంగా, హైవే మీద ఇంకో రకంగా ఉందా అని అడగండి.

పార్టు రావడానికి నాలుగు రోజులు పడుతుందంటే, ఫ్లాప్‌ను చేత్తో లోపలి గాలి వైపు తిప్పి కట్టేసి బండి నడుపుకోవచ్చు. కానీ అది ఆ నాలుగు రోజులకే. ఏడుగురు కూర్చున్న బండిలో బయటి గాలి అసలు రాకపోతే కార్బన్ డయాక్సైడ్ పెరిగి డ్రైవర్‌కు మత్తుగా ఉంటుంది. తెల్లవారుజామున ఎయిర్‌పోర్టు ట్రిప్పు వేసే మనిషికి అది మరీ ప్రమాదం. ఇరవై నిమిషాలకోసారి అద్దాలు దించమని గట్టిగా చెప్పండి. వాన పడితే అద్దం లోపల ఆవిరి పడుతుంది, అప్పుడు టేపు తీసి ఫ్లాప్‌ను బయటి గాలి వైపు తిప్పాల్సిందే.

మీ వ్యాన్ మోడల్ రాయలేదు. మోటార్ తీశాక ఎన్ని తీగలు ఉన్నాయో, స్టిక్కర్ మీద నంబర్ ఏమిటో ఫొటోతో పెట్టండి. థర్మామీటర్ అంకెలు రెండూ, పక్కన బయటి ఉష్ణోగ్రత కూడా రాయండి. రాత్రి షాపు మూసి తొమ్మిది తర్వాత చూస్తాను.